బిడ్డ తరఫున వేలిముద్ర: పిల్లల క్యాన్సరు ఔషధ పరీక్షలు, సంఘకాపరి పాత్ర

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో సేవ చేయుచున్న కాపరులకు ఈ మధ్య కాలములో ఒక కొత్త పని వచ్చిపడింది. బిడ్డకు బ్లడ్ క్యాన్సరు అని తేలిన తల్లిదండ్రులు పెద్దాసుపత్రిలో ఇచ్చిన కాగితములు తెచ్చి మా ముందు పెట్టి, "అయ్యగారూ, ఇందులో చేరమంటారా, వద్దంటారా?" అని అడుగుచున్నారు. అవి క్లినికల్ ట్రయల్ సమ్మతి పత్రములు. వేదాంత కళాశాలలో మాకెవరూ దీనిని బోధించలేదు. ఆలస్యముగా నేర్చుకొనినదానిని తోటి కాపరుల ముందు ఉంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

మా తప్పుతోనే మొదలుపెట్టుట న్యాయము. కొన్నేళ్ళ క్రితము మా సంఘములోని ఒక కూలి కుటుంబముతో ఒక ఆసుపత్రికి వెళ్ళాము. పాపకు ఏడేళ్ళు. తండ్రికి చదువు రాదు, తల్లికి అంతంత మాత్రమే. వైద్యుడు వారికి విషయము వివరించుచున్న సమయములో మేము పక్క వార్డులో మరొక రోగి కొరకు ప్రార్థించుచున్నాము. తిరిగి వచ్చేసరికి సాక్షి సంతకము కావాలన్నారు. "దేవుని చిత్తము, వేలిముద్ర వేయి నాయనా" అని చెప్పి, ఆ క్రింద మేమూ సంతకము చేశాము. తిరుగు ప్రయాణములో, బస్సు చిలకలూరిపేట దాటిన తరువాత, ఆ తల్లి అడిగింది: "ఇంతకీ దేనికి వేసినట్టు అయ్యగారూ?" మా యొద్ద జవాబు లేదు.

చదువురాని తల్లిదండ్రుల విషయములో నిష్పాక్షికమైన సాక్షి ఒకరు వివరణ మొదలైనప్పటి నుండి ముగిసేవరకు అక్కడే ఉండవలెనని మన దేశ నియమము. 2019లో వచ్చిన నూతన ఔషధముల, క్లినికల్ ట్రయల్స్ నియమావళిలో కూడ ఇది ఉన్నది. చివరిలో వచ్చి సంతకము చేసినవాడు సాక్షి కాడు. మేము ఆ దినమున వ్రాసినది అబద్ధ సాక్ష్యమే. కాపరియైన మాకు ఆ మాట వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక ట్రయల్ అనగానేమి? మన పల్లెలలో దీనిని "ప్రయోగము" అంటారు. ఆ మాట వినగానే బోనులోని ఎలుక గుర్తుకు వస్తుంది. అయితే ఈ వ్యాధికి మందు దొరికిన చరిత్రలో తెలుగువారి చేయి ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. భీమవరములో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహించారు. ఫోలిక్ ఆసిడ్ అను విటమినుకు ఎదురు పనిచేయు పదార్థములను ఆయన బృందము తయారుచేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అప్పటికే ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థములను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు బదులు పెరిగినట్లు కనబడింది. అలాగైతే దానికి ఎదురు మందు ఇస్తే? 1947 చివరిలో సుబ్బారావు బృందము పంపిన అమినోప్టెరిన్ ఇచ్చారు. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గినదని 1948 జూనులో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. ఆ మందుకు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ మాత్రను నేటికీ మన పిల్లలు ఇంటియొద్ద వారమునకు ఒకసారి మింగుచున్నారు. (వారమునకు ఒకసారి మాత్రమే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయము. కాపరులు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ ఒక్కటి అడిగి చూచుట మంచిది.)

అయితే ఆ పదిమందికీ వ్యాధి మరల తిరుగబెట్టింది. ఒక్క మందు చాలదు. ఏ మందులు కలిపి, ఎంత, ఎన్నాళ్ళు ఇవ్వవలెనో ఒక్కొక్క ట్రయల్ ద్వారా తేల్చుకొంటూ వచ్చారు. నేడు సంపన్న దేశములలో ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో నూటికి 90 మంది వరకు బ్రతుకుచున్నారు. మన దేశములో 1984లో ముంబయిలోని టాటా మెమోరియల్, ఢిల్లీలోని ఎయిమ్స్, చెన్నై అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఎంసీపీ 841 అను ఒకే పద్ధతిని అనుసరించుట ప్రారంభించాయి. మన ప్రాంతము నుండి రైలెక్కి అడయారుకు వెళ్ళిన కుటుంబములు ఎన్నో గనుక ఆ పేరు మనకు క్రొత్త కాదు. నాలుగేళ్ళ తరువాత వ్యాధి తిరుగబెట్టక క్షేమముగా ఉన్నవారు కేంద్రమును బట్టి నూటికి 45 నుండి 60 మంది. అంతకు ముందున్న స్థితితో పోల్చితే అది గొప్ప మార్పు.

2015లో నమోదైన ఐసికిల్ ఆల్ 14 అను ట్రయల్‌ను చూస్తే "ప్రయోగము" అను భయము ఎంతవరకు సరియైనదో అర్థమగును. అందులో ప్రశ్న క్రొత్త విషము పోయుట గూర్చి కాదు. ప్రమాదము తక్కువగా ఉన్న చిన్నపిల్లలకు మొదటి దశలో ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడ్‌ను 5 వారములు ఇవ్వవలెనా, 3 వారములు చాలునా? మన దేశములో ఈ పిల్లలు క్యాన్సరు వలననే గాక, చికిత్స మధ్యలో సోకు ఇన్‌ఫెక్షన్ల వలన కూడ చనిపోవుచున్నారు. స్టెరాయిడ్ తగ్గిస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గునా, తగ్గిస్తే క్యాన్సరు మిగిలిపోవునా? ఈ రెండు భయముల మధ్య ఏది నిజమో లెక్క తీయకుండ ఎవరూ చెప్పలేరు.

ఏ బిడ్డకు ఏ పద్ధతియో వైద్యుడు ఎంచుకొనడు, తల్లిదండ్రులు ఎంచుకొనరు, కంప్యూటరు చీటీ తీస్తుంది. ఇక్కడే మనవారు ఆగిపోవుదురు. "బిడ్డ ప్రాణమును చీటీకి వదులుతారా?" అని ఒక పెద్ద మమ్మును గట్టిగా అడిగారు. అపొస్తలులు మత్తీయ విషయములో చీట్లు వేసినదానిని ఆయనకు గుర్తు చేసి తప్పించుకొనజూచితిమి గాని, అది సరియైన జవాబు కాదు. రెండింటిలో ఏది మేలో వైద్యులకు నిజముగా తెలియనప్పుడు మాత్రమే చీటీ న్యాయము. తెలిసియుండి చీటీ వేస్తే అది అన్యాయము. ఈ విషయమును చూచుటకే ఎథిక్స్ కమిటీ ఉన్నది.

అన్ని ట్రయల్స్ ఒకటి కావు. వాడుకలోని చికిత్సలను పోల్చునవి ఒక రకము. వ్యాధి మరల మరల తిరుగబెట్టి వేరే దారి లేని బిడ్డకు క్రొత్త మందు మోతాదు ఎంతవరకు తట్టుకొనునో చూచు మొదటి దశ పరీక్ష వేరొక రకము. రెండవదానిలో ఆ బిడ్డకే మేలు కలుగునన్న హామీ లేదు. అక్కడ "విశ్వాసముతో చేరండి" అని కాపరి చెప్పుట మందుకు దైవముద్ర వేయుటయే. మేము ఆ మాట ఇప్పుడు చెప్పుట లేదు.

మనవారి అనుమానము ఉత్తినే పుట్టలేదు. 2011లో పిడుగురాళ్ళ పేద స్త్రీలను డబ్బు ఆశ చూపి హైదరాబాదుకు తీసికొనిపోయి రొమ్ము క్యాన్సరు మందులను వారిపై పరీక్షించిన సంగతి బయటపడి, ఆ సంస్థ అనుమతిని ఔషధ నియంత్రణాధికారి నిలిపివేశారు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా ఆడపిల్లలకు టీకాలు వేసినప్పుడు, అనేక పత్రములపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకములు చేశారు. తరువాత సంభవించిన మరణములకు టీకా కారణము కాదని విచారణ తేల్చినప్పటికీ, సమ్మతి తీసికొనిన తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తప్పుపట్టింది. ఆ వార్డెన్లు దుర్మార్గులని మేము అనుకొనము. పిల్లల మేలు తమకు తెలుసునని అనుకొనియుందురు. ఆసుపత్రిలో మేము అనుకొనినదీ అదే.

గనుక ఇప్పుడు మేము చేయునది చాల చిన్న పని. సలహా ఇవ్వము. తెలుగు పత్రము అడిగి తీసికొని, ఇంటియొద్ద కూర్చుండి గట్టిగా చదువుదుము. చేరకపోతే మామూలు చికిత్స ఆగదు గదా, మధ్యలో మానుకొనవచ్చును గదా, ట్రయల్ వలన హాని జరిగితే ఉచిత వైద్యము, నష్టపరిహారము ఉన్నవా, ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు ఎక్కడ అని వెదకుదుము. ట్రయల్ నమోదు సంఖ్యను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఎవరైనను చూడవచ్చును. 2009 నుండి నమోదు తప్పనిసరి. ఏడేళ్ళు నిండిన బిడ్డ ఇష్టమును కూడ అడుగవలెను. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకముల ప్రకారము పన్నెండేళ్ళ లోపువారు నోటితో చెప్పిన చాలును, ఆపైవారు వ్రాసి ఇవ్వవలెను. మన ఇళ్ళలో పిల్లల నడుగు అలవాటు లేదు గనుక ఇది కష్టము.

నిరుటి మిరపకోతల కాలములో తొమ్మిదేళ్ళ అబ్బాయి ఇంట ఇట్లే చదివితిమి. వాడు అడిగినది ఒక్కటే, సూదులు ఎక్కువ ఏ చీటీలో అని. రెండింటిలోనూ ఒకటేనని పత్రములో ఉన్నది. తల్లి అంతా విని, "నెలలో ఎన్ని దినములు కూలి పోతుందో అందులో వ్రాశారా అయ్యగారూ?" అని అడిగింది. మరల మొదటి పేజీ నుండి వెదికితిమి. దారి ఖర్చుల మాట ఉన్నది, కూలి మాట లేదు. ఆ ప్రశ్నను కాగితముపై వ్రాయించి, మరునాడు ఆమె చేతనే వైద్యుని అడిగించితిమి. ఆయన కొంతసేపు లెక్కలు వేసి చెప్పారు. ఈసారి మేము మొదటినుండి ఆ గదిలోనే కూర్చుంటిమి.