గోదావరి అందని ఊళ్లో మరో నకలు

1999 మే 17న బర్క్‌లీ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన, గ్రహాంతర జీవుల సంకేతాల కోసం వెతికే సెటీ ఎట్ హోమ్ ప్రాజెక్టుకు లక్షలాది ఇళ్ల కంప్యూటర్లు ఖాళీ వేళల్లో లెక్కలు చేసిపెట్టాయి. ఒకే లెక్కను ఒకటికి మించిన కంప్యూటర్లకు పంపి జవాబులు సరిపోల్చేవారు కాబట్టి, ఎవరి యంత్రమో చెడితే పోయేదేమీ లేదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో గండమంతా సర్వర్‌కే: పని పంచేదీ, ఫలితాలు దాచేదీ అదే. జంట డిస్కులున్నాయిగా అంటారు. ఒక డిస్కు పాడైతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ పొరపాటున ఫైలు చెరిపేస్తే అది రెండింట్లోనూ పోతుంది. పైగా రెండూ ఒకే గదిలో. 2022 జూలై గోదావరి వరదలో మంథని వీధులు మునిగాయి. అలాంటి చోట పది నకళ్లున్నా లాభం లేదు.

ఇలాంటి ప్రాజెక్టును విరాళాలతో నడిపేవాళ్లకు ఇంకో ఊళ్లో సర్వర్ పెట్టే స్తోమత ఎక్కడిదంటారా? సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్ నకలు రోజూ హైదరాబాద్‌కు పంపితే చాలు. నెలకోసారైనా దాన్ని వేరే యంత్రంలోకి ఎక్కించి, తెరుచుకుంటోందో లేదో చూడండి.