పికప్ బండి కమాను కట్టల బోల్టులు - బిగించు పద్ధతి



పంట పండించుట ఒక ఎత్తు, దానిని చెడకుండ బజారుకు చేర్చుట మరియొక ఎత్తు. మదనపల్లెకు పోవు టమాటలైనను, గుంటూరు యార్డుకు పోవు మిరపకాయలైనను నేడు పికప్ బండ్లలో వెళ్లుచుండుట మనము చూచుచున్నాము. కొందరు రైతులు స్వయముగా గాని, ఇద్దరు ముగ్గురు కలిసి గాని ఈ బండ్లను కొనుచున్నారు. ఇంజనుకు నూనె మార్చుట, టైర్లలో గాలి చూచుట చాలమందికి అలవాటే. కాని బరువునంతను మోయు వెనుక కమాను కట్టలను, వానిని ఇరుసుకు పట్టియుంచు బోల్టులను తలచువారు తక్కువ.

టమాట కోతల దినములలో నేను ఒక బండిని రోడ్డు ప్రక్కన చూచితిని. యూ బోల్టులు వదులై, ఇరుసు ఒక ప్రక్కకు జరిగి, బండి అదుపు తప్పి గట్టు దిగినది. ప్రాణాపాయము తప్పినది గాని పెట్టెలు దొర్లి సరుకులో సగము నేలపాలైనది. వారము దినములుగా వెనుక 'టక్కు టక్కు' మను శబ్దము వినిపించుచున్నదని ఆ రైతే చెప్పెను. ఆ శబ్దము విన్ననాడే నట్లను పరీక్షించియుండినచో ఈ నష్టము జరిగియుండెడిది కాదు.

బోల్టు చేయు పని

వెనుక ఇరుసుపై ఇరువైపుల కమాను కట్టలుండును. కట్టల నడుమ సెంటర్ బోల్టు ఒకటి ఉండును. దాని తల ఇరుసు పీటలోని రంధ్రములో కూర్చుండును. ఇరుసు ఎచ్చట ఉండవలెనో చూపుటయే దీని పని. ఇరుసును, కట్టలను గట్టిగా అదిమి పట్టునవి యూ బోల్టులు. కట్టల రెండు కొనలను చాసిస్సుకు కలుపునవి కంటి బోల్టు, షాకిల్ బోల్టులు.

గడ్డిమోపును తాడుతో బిగించి కట్టినపుడు గడ్డి జారకుండుటకు కారణము తాటి బిగువే. తాడు వదులైనచో గడ్డి తనంతట తానే జారిపోవును. యూ బోల్టు సంగతియు ఇంతే. బిగించినపుడు బోల్టు కొంచెము సాగి, ఆ బిగువుతో కట్టలను నొక్కి పట్టును. 8.8 రకపు 12 మిల్లీమీటర్ల బోల్టును సరిగా బిగించినచో సుమారు 3½ టన్నుల బలముతో నొక్కగలదు. ఒక్కొక్క ప్రక్క రెండు యూ బోల్టులకు నాలుగు కాళ్లుండును గాన ఈ పట్టు ఎంత గొప్పదో మీరే ఊహింపవచ్చును. ఈ పట్టు సడలినపుడు భారమంతయు చిన్న సెంటర్ బోల్టుపై పడును. అది తెగినచో ఇరుసు జరుగును. కట్టలు కూడ సెంటర్ బోల్టు రంధ్రము వద్దనే విరుగుట కద్దు.

బిగువు ఎంత ఉండవలెను?

ఎంత బిగించవలెనో బండితో వచ్చిన పుస్తకములో గాని, కంపెనీ వర్క్‌షాపులో గాని తెలిసికొనవలెను. ఇది న్యూటన్ మీటర్లలో ఉండును. అర మీటరు పొడవు గల పానా కొనను 20 కిలోల బలముతో లాగినచో సుమారు 98 న్యూటన్ మీటర్లగును. అదే పానాకు పైపు తొడిగి, ఒకటిన్నర మీటరు పొడవు చేసి, 30 కిలోల బలముతో లాగినచో 440 దాటును. అనగా నాలుగు రెట్లకు మించినది! పైపు తొడిగి బిగించుటచే బోల్టులు తెగుటకు కారణమిదే. కావున టార్కు పానాతోనే బిగించవలెను. సొంతముగా లేనిచో వర్క్‌షాపు నుండి అద్దెకు తెచ్చుకొనుట మంచిది.

మరియొక సంగతి. మన శ్రమలో సుమారు పదవ వంతు మాత్రమే బోల్టును సాగదీయును, మిగిలినది రాపిడికే పోవును. మరచుట్లకు నూనె పూసినచో రాపిడి తగ్గి, అదే కొలతకు బోల్టు ఎక్కువగా సాగి చెడును. తుప్పు ఉన్నచో పానా బిగిసినట్లు తోచును గాని బోల్టుకు బిగువు రాదు. పుస్తకములో నూనె పూయుమని లేనియెడల మరచుట్లు శుభ్రముగా, పొడిగా ఉండవలెను.

పని చేయు వరుస

1. సరుకు దింపి, బండిని గట్టి చదును నేలపై నిలుపవలెను. హ్యాండ్ బ్రేకు సామాన్యముగా వెనుక చక్రములనే పట్టును. వెనుక భాగము లేచిన పిమ్మట అది బండిని ఆపదు. కావున ముందు చక్రములకు రెండు ప్రక్కల చెక్క దిమ్మలు తప్పక పెట్టవలెను.

2. జాకీతో లేపి, చాసిస్సు క్రింద రెండు వైపుల గట్టి ఇనుప స్టాండ్లు పెట్టవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రిందికి పోరాదు. ఇటుకలు, రాళ్లు పేర్చుట మరింత ప్రమాదము. ఇరుసు బరువును మరియొక జాకీతో ఆపవలెను. కట్టలపై భారము ఉండగా షాకిల్ బోల్టు ఊడదీసినచో కట్ట ఎగిరి తగలవచ్చును.

3. పాత నట్లు రానిచో తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు వదల్చు నూనె వేసి కొంతసేపు ఆగవలెను. కట్టల దగ్గర మంట పెట్టరాదు. వేడికి ఉక్కు పదును పోవును. కట్టలకు వెల్డింగు చేయించుటయు తగదు.

4. ఊడదీసిన యూ బోల్టులను, నట్లను మరల వాడక క్రొత్తవి వేయవలెను. ఒకసారి సాగిన బోల్టు మునుపటి పట్టు నీయదు. మిగిలిన బోల్టుల తలపై 8.8, 10.9 వంటి అంకెలు చూచి, అదే రకమువి తేవలెను. గుర్తు లేని చౌక బోల్టును వేయరాదు.

5. పీటను శుభ్రపరచి, కట్టలను అమర్చి, సెంటర్ బోల్టు తల రంధ్రములో పూర్తిగా కూర్చున్నదా అని కంటితో చూడవలెను. కొనల బోల్టులను చేతితో మాత్రమే బిగించి విడువవలెను.

6. యూ బోల్టుల రెండు కాళ్లు నట్టుపైకి సమానముగా వచ్చునట్లు చూచి, నట్లను ఎదురెదురు మూలల వరుసలో బిగించవలెను. ముందు ఎడమది, తరువాత వెనుక కుడిది, పిమ్మట ముందు కుడిది, చివరకు వెనుక ఎడమది. మొదటి విడత మూడవ వంతు, రెండవ విడత మూడింట రెండు వంతులు, మూడవ విడత పూర్తి బిగువు ఇయ్యవలెను. ఒక నట్టునే ఒక్కసారిగా బిగించినచో పలక వంకరపోవును.

7. చక్రములు బిగించి, బండిని నేలపైకి దింపి, వెనుక భాగమును రెండు మూడుమార్లు అదిమి విడువవలెను. రబ్బరు బుష్షులున్న కొనల బోల్టులను ఇప్పుడు, అనగా బండి తన కాళ్లపై నిలిచిన పిమ్మటనే, పూర్తిగా బిగించవలెను. కట్టలు వ్రేలాడుచుండగా బిగించినచో బండి దిగినప్పుడు రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. యూ బోల్టుల బిగువును కూడ మరియొకమారు సరిచూడవలెను.

8. నట్టు మీదుగా పలకపైకి ఒక రంగు గీత గీయవలెను. నట్టు తిరిగినచో గీత తప్పి, చూచినంతనే తెలియును.

పిమ్మట చూడవలసినవి

క్రొత్త బోల్టులు బరువుతో తిరిగిన తరువాత కొంత సర్దుకొనును. పుస్తకములో వేరుగా చెప్పనియెడల, మొదటి 500 కిలోమీటర్ల లోపల నట్లను మరల టార్కు పానాతో చూడవలెను. పిమ్మట కోతల కాలమునకు ముందు ఒకసారి, నడుమ ఒకసారి చూచుట మేలు.

పలక అంచున ఎఱ్ఱని తుప్పుపొడి రాలుచున్నను, బండి కొంచెము ఏటవాలుగా నడచుచున్నను, గుంతలలో శబ్దము వచ్చుచున్నను బోల్టులను అనుమానింపవలెను. కట్ట ముందు కంటి నుండి ఇరుసు వరకు గల దూరమును ఇరువైపుల టేపుతో కొలువుడు. తేడా ఉన్నచో ఇరుసు జరిగియుండవచ్చును. అట్టి బండిపై సరుకు ఎక్కింపక మెకానిక్కు వద్దకు మెల్లగా తీసికొని పోవలెను.

బరువు ఎక్కువ వేయుటకై కట్టలు పెంచినంతమాత్రమున బండి శక్తి పెరగదు. బ్రేకులు, ఇరుసు, టైర్లు పాతవే కదా! ఆర్.సి. పుస్తకములోని బరువును మించరాదు. సరుకుపై కూలీలను కూర్చుండబెట్టుట చట్టవిరుద్ధము, ప్రాణాపాయకరము కూడ.

నాలుగు నెలలు కష్టించి పండించిన పంట చివరి గంట ప్రయాణములో ఈ బోల్టులపై ఆధారపడియున్నది. బండి కదలుటకు ముందు ఒక్క నిమిషము వంగి ఆ రంగు గీతలను చూచుట అలవాటు చేసికొనుడు. మీ బండి నడుపువారికి కూడ నేర్పుడు.