వినుటకు విరామము

సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ గనుక ఈ ఊరికి వినుకొండ యను పేరు కలిగినదని స్థలపురాణము. కొండపై వెలసిన రామలింగేశ్వరుని దర్శింప వచ్చువారికి పల్నాటి పెద్దలు నేటికిని ఈ కథ చెప్పుచుందురు. చరిత్రకారులు దీనిని ఎట్లు తూచినను, కథలోని భావము గ్రహింపదగినది. శ్రీరాముడు విన్నది ఒక్క వార్త. విని దుఃఖించెను, దుఃఖించి ఊరకుండక కర్తవ్యమునకు పూనుకొనెను.

నేడు అదే కొండ నీడన ఒక విద్యార్థి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌ల ద్వారా ఒక్క గంటలో వినెడి వార్తలకు లెక్క లేదు. ఒకచోట వరద, మరియొకచోట హత్య, వెంటనే ఒక హాస్యము, ఆపైన సహాధ్యాయి కొత్త బట్టల ఫొటో. దుఃఖించుటకు వ్యవధి లేదు. నవ్వుటకు తీరిక లేదు. చేయదగిన కార్యము అసలే కానరాదు. మనస్సు బరువెక్కును గాని కదలదు. తోటివారి జీవితమంతయు పండుగవలెను, తన బ్రతుకు మాత్రము వట్టి పాఠముల మూటవలెను తోచును. ఈ పోలికయే పలువురు పిల్లల దిగులుకు మూలము.

ఇది విద్యార్థి బలహీనత యని మందలించి ఊరకుండుట న్యాయము కాదు. పుస్తకమునకు చివరి పుట కలదు. సీరియలుకైనను వారమునకొకసారి 'సశేషము' కలదు. సెల్‌ఫోను తెరకు అది లేదు. 2006లో ఈ అంతులేని పుటను రూపొందించిన అమెరికా సాంకేతిక నిపుణుడు అజా రాస్కిన్ తరువాత తానే అందుకు పశ్చాత్తాపము వెలిబుచ్చెను. తరువాత రాబోవునది రుచించునో రుచింపదో తెలియదు. ఆ తెలియకపోవుటయే వ్రేలిని మరల మరల కదలించును.

కొంతకాలము దూరముండిన మేలు కలుగునా? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 143 మంది విద్యార్థులపై జరిపిన పరీక్ష 2018లో వెలువడినది. కొందరు మూడు వారములపాటు ఒక్కొక్క మాధ్యమమును దినమునకు 10 నిమిషములకు పరిమితము చేసికొనిరి. వారిలో ఒంటరితనమును, దిగులును తగ్గినవి. 2022లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమువారు 154 మందితో జరిపిన పరీక్షలో ఒక్క వారము విరామమే మేలు చేసినది. అమెరికాలో 2018 ఎన్నికల ముందు నాలుగు వారములు ఫేస్‌బుక్ మానినవారికి దినమునకు ఇంచుమించు ఒక గంట మిగిలినది. మనస్సు కొంత తేలికపడినది. అయితే దేశవార్తల పరిజ్ఞానము తగ్గినది. అన్ని పరిశోధనలును ఒకే ఫలితము నీయలేదు. కావున విరామము సర్వరోగ నివారిణి కాదు. అలసిన మనస్సుకు విశ్రాంతి మాత్రమే.

ఇచట మరియొక మాట విస్మరింపరాదు. 1895లో వినుకొండలో జన్మించిన మహాకవి గుఱ్ఱం జాషువ 1941లో 'గబ్బిలము' వెలువరించెను. అంటరానివాడని వెలివేయబడిన పేదవాడు తన గోడును కాశీలోని శివునికి విన్నవింపుమని గబ్బిలముతో చెప్పుకొనెను. గుడిలోనికి అతనికి ప్రవేశము లేదు, గబ్బిలమునకు కలదు. సాటి మనుష్యుడు విననపుడు గబ్బిలముతో చెప్పుకొనవలసి వచ్చినది. నేడు అట్టివారికి సామాజిక మాధ్యమములు ఒక గొంతుక నిచ్చినవి. దానిని శాశ్వతముగ విడువుమనుట సులభము కాదు, న్యాయమును కాదు. అయితే అందరును ఎడతెగక పలుకుచున్న చోట గోడు వినెడివారెవరు? ఎదుటివాని మాట వినగల తీరికను సంపాదించుటయే విరామమునకు అసలు ప్రయోజనము.

ఒక్కడు ఒంటరిగ మానుట కష్టము. పదిమంది కలసిన సులభము. మహారాష్ట్రములోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ గ్రామస్థులు 2022లో ఇందుకు ఒక త్రోవ చూపిరి. సాయంకాలము 7 గంటలకు గుడినుండి సైరను మ్రోగగనే గంటన్నరసేపు ఫోన్లను, టీవీలను కట్టివేయవలెనని నిర్ణయించుకొనిరి. పిల్లలను చదువుమని పెద్దలు తాము ఫోను చూచుచు కూర్చుండలేదు. ఆ ఏర్పాటులోని బలమంతయు అందే యున్నది.

మన పాఠశాలలును ఇట్టి కట్టుబాటు చేసికొనవచ్చును. రాత్రివేళ హోంవర్కును వాట్సాప్ గ్రూపులో పంపి, మరునాడు ఫోను చూడవద్దని ఉపాధ్యాయుడు బోధించిన ఆ మాట పిల్లల చెవికెక్కదు. పాఠము బడిలోనే నోటుపుస్తకమున వ్రాయించుట మేలు. విద్యార్థి తన విరామమును మిత్రులకు ముందుగ తెలుపవలెను. లేనిచో అలిగితివా యని వారడుగుదురు. పడుకొను గదిలో ఫోను ఉంచరాదు. మిగిలిన గంటకు ఆట, పుస్తకము, అమ్మమ్మతో ముచ్చట—ఏదో ఒకటి ముందే నిర్ణయింపవలెను; ఖాళీ చేయి మరల ఫోనునే వెదకును.

విరామమిచ్చినను దిగులు తీరనిచో దాచుకొనరాదు. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇట్టి అలవాట్ల చికిత్సకై 2014లోనే ప్రత్యేక క్లినిక్ వెలసినది. విడువవలసిన ఫోనే ఒక్కొక్కప్పుడు ఆదుకొను సాధనము కూడ అగును.

సాయంకాలము ఫోను ఇంట నుంచి ఒక విద్యార్థి మిత్రునితో కొండ మెట్లెక్కును గాక. క్రింద ఊరి దీపములు వెలుగును. గుంటూరు రైలు కూత వినవచ్చును. ప్రక్కనున్న మిత్రుడు ఎన్నాళ్ళనుండియో చెప్పలేని మాట యేదో అప్పుడు చెప్పును. ఆ ఒక్క వార్తను వినుట, విని అతనికై ఏదేని చేయుట—ఈ కొండ పేరు బోధించుచున్నది అదియే.