పళ్ళ డాక్టరు గిన్నెలో సముద్రపు నాచు

మొన్న మా అమ్మకు కట్టుడు పళ్ళు పెట్టించడానికి పళ్ళ డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన రబ్బరు గిన్నెలో గులాబీరంగు పొడి వేసి, నీళ్ళు పోసి కలిపి, ఆమె చిగుళ్ళకు అదిమిపెట్టారు. రెండు మూడు నిమిషాలలో అది జున్నులా గట్టిపడి, అచ్చు చక్కగా వచ్చింది.

"ఇదేమిటి నాయనా?" అని అడిగింది అమ్మ.

"సముద్రపు నాచు, మామ్మగారూ!" అన్నారాయన.

ఆ నాచు సంగతేమిటో తెలుసుకొనేవరకు నాకు తోచలేదు.

రాళ్ళను పట్టుకొని పెరిగే గోధుమరంగు నాచులు అలలు ఎంత బాదినా తెగక, వంగి లేస్తాయి. వాటి కణాల గోడలలో ఉండే ఆల్జినేటు అందుకు ముఖ్యకారణం. స్టాన్‌ఫర్డు అనే బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు 1881లో దీనిని వెలికితీశాడు. గంజిలోని పిండిపదార్థంలాగే ఇదీ చక్కెరజాతి అణువుల గొలుసు. దండలో రెండు రకాల పూసలు గుచ్చినట్లు, ఇందులో మాన్యురానిక్, గులురానిక్ అనే రెండు ఆమ్లాలున్నాయి. కాల్షియం తగిలితే చాలు, పక్కపక్క దండలలోని గులురానిక్ పూసలు దానిని మధ్యన ఇరికించుకొని, ఒకదానినొకటి పట్టుకుంటాయి. జారుడుగా ఉన్నది ముద్ద అవుతుంది. డాక్టరుగారి పొడిలో కాల్షియం కూడా ఉన్నది. కిటుకంతా అదే!

ఆల్జినేటు పీచుతో చేసిన కట్టు పుండులోని రసిని పీల్చుకొని, మెత్తని జిగురుగా మారి, గాయం ఎండిపోకుండా కాపాడుతుంది. పులితేన్పుల మందులో చేరితే కడుపులోని ఆమ్లంపై తెప్పలా తేలి, అది గొంతుకు ఎగదన్నకుండా అడ్డుపడుతుంది. ఇవి వాడుకలో ఉన్న వైద్యాలే.

ఈ నాచులలోనే ఫ్యూకాయిడాన్ అనే మరో పదార్థం ఉన్నది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు కైలిన్ 1913లో దీనిని కనుగొన్నాడు. ఫ్యూకోజు అనే చక్కెర గొలుసుకు గంధకం కలిసిన సల్ఫేటులు అంటుకొని ఉంటాయి. ప్రయోగశాలలో ఇది రక్తం గడ్డకట్టకుండా ఆపింది. కాన్సరు కణాలను అణచినట్లూ కనిపించింది. అయితే గాజుపాత్రలో జరిగినదల్లా మనిషి ఒంట్లో జరగాలని లేదు. మనుషులలో కాన్సరును ఇది నయం చేస్తుందని ఇంకా రుజువు కాలేదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కాన్సరుతో బాధపడుతున్న మా బంధువు ఒకాయన, "ఆసుపత్రి మానేసి ఈ బిళ్ళలు తెప్పించుకుందునా?" అని నన్నడిగారు. "నేను తెలుగు చెప్పేవాణ్ణి బాబాయిగారూ, మందు చెప్పలేను. మీ డాక్టరుగారిని అడగనిదే సీసా మూత తీయకండి" అన్నాను. ఆయన అప్పటికే రక్తాన్ని పలుచబరిచే మందు వాడుతున్నారట! ఆ బిళ్ళలు కూడా తోడైతే రక్తస్రావం కావచ్చునని డాక్టరుగారు హెచ్చరించారు. ఆసుపత్రి వైద్యం సాగుతున్నది.

ఇదంతా అమ్మకు చెప్పాను. కొత్త పళ్ళతో జంతిక కొరుకుతూ, "నా పళ్ళకు అచ్చు పోసిందిగా, మంచి నాచేరా! చేసినంతవరకు మెచ్చుకో, చాలు" అన్నది.