రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా అక్క కొడుకు ఇంటికొచ్చాడు. ఒరగడం వైపు కారు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో తొమ్మిదేళ్ళుగా పర్మనెంటు. కాఫీ కూడా తాగకుండా ఫోను తీసి నోటీసు బోర్డు ఫొటో చూపించాడు. కంపెనీ చేతులు మారబోతోందని అందులో నాలుగు లైన్లు ఉన్నాయి. ఆ తర్వాత జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. వేరే కంపెనీ వాళ్ళ ఆఫరు. నెలకి 2,500 ఎక్కువ, పదిహేను రోజుల్లో చేరాలి.

"మామా, ఇప్పుడే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోవాలా, లేక సెటిల్మెంటు డబ్బు ఇచ్చేదాకా ఉండాలా? అందరూ ఉండమంటున్నారు. లక్షలొస్తాయంటున్నారు."

ఎవరు చెప్పారని అడిగాను. కంపెనీ బస్సులో అనుకుంటున్నారట.

పెరంబూరు, పులియంతోపు, వ్యాసర్పాడి వైపు మన పేటల్లో ఈ ప్రశ్న కొత్తదేం కాదు. మన తాతలు పని చేసిన బకింగ్‌హాం అండ్ కర్నాటిక్ మిల్లు, అదే మన బిన్నీ మిల్లు, 1996లో మూతపడింది. ఆ మిల్లు కార్మికుల కోసమే 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు పూనుకుంటే బి.పి. వాడియా అధ్యక్షుడయ్యారు. దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడ్డ మొదటి కార్మిక సంఘాల్లో అదొకటి. మిల్లు పోయాక ఆ షెడ్లలో సినిమా షూటింగులు జరిగాయి, ఇప్పుడు పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి. మనవళ్ళు, మనవరాళ్ళు ఇప్పుడు శ్రీపెరుంబుదూర్, ఒరగడం, మరైమలై నగర్ కంపెనీ బస్సులు ఎక్కుతున్నారు. బస్సు మారినా ఇంట్లో భయం మారలేదు.

శ్రీపెరుంబుదూర్ అంటే మనవాళ్ళకి గుర్తొచ్చేది నోకియా. 2006లో మొదలైంది. బాగా నడిచిన రోజుల్లో ఎనిమిది వేల మంది దాకా సొంత కార్మికులు ఉండేవాళ్ళు. చాలామంది ఇరవై ఏళ్ళ వయసు పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు ఎక్కువ. 2013 సెప్టెంబర్‌లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. అప్పుడు అందరూ మనం కూడా మైక్రోసాఫ్ట్ వాళ్ళమవుతాం అనుకున్నారు. కానీ ఇక్కడ ఇన్‌కంటాక్స్ గొడవ ఉంది. 3,500 కోట్ల గ్యారంటీ ఇస్తేగానీ ఫ్యాక్టరీ చేతులు మారడానికి వీల్లేదన్న షరతును 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీసెయ్యలేదు. ఏప్రిల్ 25న ప్రపంచమంతా బేరం పూర్తయింది, చెన్నై ఫ్యాక్టరీ మాత్రం బయటే ఉండిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వి.ఆర్.ఎస్. కాగితాలు వచ్చాయి. ఐదు వేలమందికి పైగా సంతకం పెట్టారు.

అప్పుడు సంతకం పెట్టినవాళ్ళని తొందరపడ్డారు అన్నవాళ్ళున్నారు. నేనూ అన్నాను, ఒప్పుకుంటున్నాను. ఆర్నెల్లు తిరిగేసరికి మైక్రోసాఫ్ట్ ఆర్డర్లు ఆపేసింది, 2014 నవంబర్ 1 నుంచి ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. పోనీ మైక్రోసాఫ్ట్‌లోకి వెళ్ళినవాళ్ళయినా బాగుపడ్డారా అంటే, ఆ జులైలోనే నోకియా నుంచి వచ్చినవాళ్ళలో పన్నెండున్నర వేలమందిని తీసేస్తున్నట్టు ప్రపంచవ్యాప్తంగా ప్రకటించారు. వెళ్ళినా, ఉన్నా, దాటినా చివరికి అందరిదీ ఒకే గతి. అందుకే నోకియా కథ నుంచి "ముందే పోవాలి" అనీ, "ఆఖరిదాకా ఉండాలి" అనీ రెండు పాఠాలూ తీయొచ్చు. అలాంటి పాఠం దేనికీ పనికిరాదు.

ఫోర్డ్ సంగతి వేరు. 2021 సెప్టెంబర్ 9న ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తామని చెప్పారు. వాళ్ళకి రెండు ఫ్యాక్టరీలు, ఒకటి మన మరైమలై నగర్‌లో, ఒకటి గుజరాత్ సానంద్‌లో. సానంద్ ఫ్యాక్టరీని టాటా మోటార్స్ 725.7 కోట్లకి కొనేందుకు 2022 ఆగస్టులో ఒప్పందం అయింది, 2023 జనవరి 10న స్వాధీనం చేసుకున్నారు. అక్కడ కార్ల తయారీలో ఉన్న అర్హులైన ఉద్యోగులందరికీ టాటాలో ఉద్యోగం ఇస్తామన్నారు. మన మరైమలై నగర్‌కి కొనేవాడు దొరకలేదు. 2022 జులైలో ఆఖరి కారు బయటికొచ్చింది. రెండున్నర వేలకు పైగా కార్మికులు, యూనియను, సమ్మె, నెలల తరబడి మాటలు. కంపెనీ మొదట ఒక్కో ఏడాది సర్వీసుకి సుమారు 115 రోజుల జీతం అంది. సెప్టెంబర్ వచ్చేసరికి అది సగటున 140 రోజుల దాకా వెళ్ళింది. చట్టం ప్రకారం ఇవ్వాల్సింది ఏడాదికి 15 రోజులే.

బస్సులో మావాడు విన్న "లక్షలు" అక్కడివి. ఫోర్డ్ వాళ్ళకి వచ్చాయి కదా, మనకీ వస్తాయి అని. కానీ ఒక్కటి చూడండి. సానంద్ వాళ్ళకి ఉద్యోగం దొరికింది, మరైమలై నగర్ వాళ్ళకి డబ్బు దొరికింది. కంపెనీ ఒకటే. ఫ్యాక్టరీని కొన్నవాడు ఉన్నచోట పని సాగింది. కొన్నవాడు లేనిచోట సెటిల్మెంటు వచ్చింది. మా మేనల్లుడి కంపెనీని కొనేవాడు ఉన్నాడు. మరి వీడు ఏ డబ్బు కోసం ఎదురుచూస్తున్నట్టు?

మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. కంపెనీ అమ్మకం అంటే రెండు రకాలు. ఒకటి షేర్లు అమ్మడం. అప్పుడు యజమాని ఇంట్లో మనుషులు మారినట్టే, కంపెనీ మాత్రం అదే కంపెనీ. మీ అప్పాయింట్‌మెంట్ ఆర్డరు, సర్వీసు, జీతం అన్నీ అలాగే ఉంటాయి. పరిహారం అన్న ప్రశ్నే రాదు. రెండోది ఫ్యాక్టరీనే విడదీసి ఇంకో కంపెనీకి అప్పగించడం. అప్పుడు మీ యజమాని మారతాడు. దానికి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25 ఎఫ్ఎఫ్ అనే సెక్షను ఉండేది. సర్వీసు తెగకుండా, జీతం, షరతులు తగ్గకుండా, రేపు తీసేస్తే పాత సర్వీసు కూడా కలిపి పరిహారం ఇస్తానని కొత్త యజమాని బాధ్యత తీసుకుంటే ఇప్పుడు పరిహారం ఇవ్వక్కర్లేదు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా, ఉద్యోగంలోంచి తీసేసినట్టే లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి, సెక్షను నెంబరు మారింది, సారం మారలేదు. మారిందల్లా ఇంకోచోట. ఫ్యాక్టరీ మూసెయ్యాలన్నా, మనుషుల్ని తీసెయ్యాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నియమం ఇదివరకు వందమంది ఉన్నచోట వర్తించేది, ఇప్పుడు మూడొందల మంది ఉన్నచోటే. రెండొందల మంది పనిచేసే చిన్న పార్ట్స్ కంపెనీలో ఉన్నవాళ్ళకి ఇది చిన్న మార్పు కాదు.

మావాడిని కూర్చోబెట్టి లెక్క వేశాం. బేసిక్కు, డి.ఎ. కలిపి 20,000. తొమ్మిదేళ్ళు.

ఇప్పుడు రాజీనామా ఇస్తే గ్రాట్యుటీ వస్తుంది. ఐదేళ్ళు దాటినవాడికి రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే, ఇది దయాదాక్షిణ్యం కాదు. 20,000ని 26తో భాగించి, 15తో, తొమ్మిదితో గుణిస్తే 1,03,846. ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. పి.ఎఫ్. ఎలాగూ వాడిదే. రాజీనామా చెయ్యకుండా ఉండి, వాళ్ళే తీసేస్తే, దీనిమీద ఏడాదికి 15 రోజుల చొప్పున ఇంకో 90,000, నెల నోటీసు ఇవ్వకపోతే దానికి బదులు 20,000. కొత్త కోడ్ ప్రకారం రీస్కిల్లింగ్ నిధి కింద ఇంకో 15 రోజుల జీతం. మొత్తం మీద ఉండి తీసేయించుకుంటే అదనంగా వచ్చేది చట్టం లెక్కన లక్షా ఇరవై వేలు. మంచి డబ్బే. కానీ ఫోర్డ్ డబ్బు కాదు. అదీ వీణ్ణి తీసేస్తేనే. రాజీనామా ఇచ్చినవాడికీ, వి.ఆర్.ఎస్. తీసుకున్నవాడికీ చట్టంలో రిట్రెంచ్‌మెంట్ పరిహారం లేదు. వి.ఆర్.ఎస్.లో ఎంత రాసుంటే అంతే.

"తీసేస్తే" అన్న మాట దగ్గర మావాడు ఆగాడు. వాడు మెషిన్ షాపులో సెట్టరు. కొన్నవాడు ఎవరైనా మొదట ఉంచుకునేది అలాంటివాళ్ళనే.

ఎదురింటి అమ్మాయి లెక్క అలా కాదు. అదే కంపెనీలో అసెంబ్లీలో ఉంది. నాలుగేళ్ళ ఐదు నెలలు అయింది, బేసిక్కు 14,000. ఈ గొడవ ఎందుకని రాజీనామా రాసి పెట్టుకుంది, ఇంకా ఇవ్వలేదు. ఇస్తే గ్రాట్యుటీ సున్నా. ఐదో ఏట 240 రోజులు పని నిండితే ఐదేళ్ళు నిండినట్టేనని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉంది. అంటే ఇంకో మూడు నెలలు ఓపిక పడితే సుమారు 40 వేల మీద హక్కు వస్తుంది. కొన్ని కంపెనీలు ఐదేళ్ళు పూర్తిగా నిండాలంటాయి, అప్పుడు ఆ తీర్పు చేతిలో పెట్టుకుని లేబర్ ఆఫీసుకి వెళ్ళాలి. ఇంకో సంగతి, ఆమెకి ఇ.ఎస్.ఐ. ఉంది. ఫ్యాక్టరీ మూసేసినా, రిట్రెంచ్‌మెంట్ చేసినా ఇ.ఎస్.ఐ.లో నిరుద్యోగ భృతి పథకం 2005 నుంచి ఉంది. తనంతట తాను మానేసినవాళ్ళకి అది రాదు. వాళ్ళమ్మ ఈ మాట విని ఆ రాజీనామా కాగితం తీసుకుని బీరువాలో పెట్టేసింది.

కాంట్రాక్టు మీద ఉన్న పిల్లలకి ఈ లెక్కలేవీ సరిగ్గా అతకవు, అది చెప్పకుండా దాటెయ్యడం మోసం. వాళ్ళ యజమాని కాగితం మీద కాంట్రాక్టరు. ఫ్యాక్టరీ చేతులు మారినప్పుడు నోటీసు బోర్డులో వాళ్ళ పేరు కూడా ఉండదు. వాళ్ళు సెటిల్మెంటు కోసం ఎదురుచూడటం కంటే, పి.ఎఫ్. ఖాతాలో కాంట్రాక్టరు డబ్బు నెలనెలా కట్టాడో లేదో ఇవాళే చూసుకుని, మంచి ఆఫరు వస్తే వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. ఫిక్స్‌డ్ టర్మ్ ఆర్డరు ఉన్నవాళ్ళు మాత్రం ఆగి చదువుకోండి. కొత్త కోడ్ ప్రకారం వాళ్ళకి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఒక చిన్న కాగితం దగ్గర. హెచ్.ఆర్. పిల్లవాడు నవ్వుతూ వస్తాడు. "ఏం లేదన్నా, ఫార్మాలిటీ. ఇక్కడ పాత కంపెనీకి రాజీనామా రాయండి, ఇదిగో కొత్త కంపెనీ అప్పాయింట్‌మెంట్ ఆర్డరు, రేపట్నించి ఇదే మెషిన్" అంటాడు. సంతకం పెడితే తొమ్మిదేళ్ళు అక్కడితో తెగిపోతాయి. రేపు తీసేస్తే పరిహారం కొత్త తేదీ నుంచే లెక్క. గ్రాట్యుటీ మళ్ళీ ఒకటో ఏడు నుంచి. రాజీనామా బదులు బదిలీ ఉత్తరం అడగాలి, అందులో పాత చేరిన తేదీ ఉండాలి, సర్వీసు కొనసాగుతుందన్న మాట ఉండాలి. ఇవ్వనంటే ఒక్కరే గొడవ పెట్టుకోవద్దు, పదిమంది కలిసి రాతపూర్వకంగా అడగండి, యూనియను ఉంటే యూనియను ద్వారా. తేనాంపేట డి.ఎం.ఎస్. ఆవరణలో లేబర్ కమిషనర్ ఆఫీసు ఉంది. అక్కడ అర్జీ ఇచ్చి రశీదు తీసుకున్న కాగితానికి బలం ఉంటుంది, బస్సులో మాటలకి ఉండదు.

పి.ఎఫ్. గురించి ఒక్క ముక్క. వెళ్ళినా సరే, డబ్బు తీసెయ్యకుండా అదే నెంబరు మీద కొత్త కంపెనీకి మార్చుకోండి. మావాడికి తొమ్మిదేళ్ళు. పదేళ్ళు నిండితే 58 ఏళ్ళకి పెన్షనుకి అర్హత వస్తుంది. ఇప్పుడు పెన్షను వాటా తీసేస్తే ఆ తొమ్మిదేళ్ళూ పోయి మళ్ళీ మొదటినుంచి. మన పేటల్లో ఉద్యోగం పోగానే మొదట చేసేది పి.ఎఫ్. తియ్యడమే. చీటీ బాకీ, చెల్లి పెళ్ళి, ఏదో ఒకటి ఉంటుంది, నాకు తెలుసు. అయినా అడుగుతున్నా.

మావాడు సోమవారం హెచ్.ఆర్.కి ఉత్తరం ఇచ్చాడు. అమ్ముతున్నది షేర్లా, ఫ్యాక్టరీయా, నా సర్వీసు ఏ తేదీ నుంచి లెక్క, ఈ రెండే ప్రశ్నలు. వాడితోపాటు ఇంకో పద్నాలుగు మంది సంతకం చేశారు. ఆఫరు ఇచ్చిన కంపెనీని ఇంకో పది రోజుల గడువు అడిగితే వారం ఇచ్చారు. గురువారం సాయంత్రం జవాబు వచ్చింది. షేర్ల అమ్మకమేనట. సర్వీసు అలాగే ఉంటుంది, సెటిల్మెంటు ఏమీ లేదు.

బస్సులో కొందరికి ఇది పెద్ద దిగులు. మా అక్కకి మాత్రం ఊరట. మావాడు ఆఫరు కాగితం మళ్ళీ తీసి, ఆ 2,500లో బేసిక్కు ఎంత, అలవెన్సు ఎంత అని చూస్తున్నాడు. పెంచింది అంతా అలవెన్సే. ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు.