వైరస్ నిండా ఉన్నా జబ్బుపడని కోతి

“మా ఆయనకీ నాకూ ఒకే ఏడాది హెచ్‌ఐవీ బయటపడింది. ఆయన 4 ఏళ్ళకే పోయారు. నేను మందులు మొదలుపెట్టేదాకా 9 ఏళ్ళు కూలికి వెళ్తూనే ఉన్నాను. వైరస్ ఒకటే కదండీ, ఎందుకింత తేడా?” ఒక పాఠకురాలి ఉత్తరమిది. చదివి పక్కన పెట్టలేకపోయాను.

తెలిసిన సంగతులు ముందు గబగబా చెప్పేస్తాను. మందులు వాడకపోతే ఎయిడ్స్ దశకు రావడానికి సుమారు 10 ఏళ్ళు పడుతుంది. కొందరికి 2, 3 ఏళ్ళే. వయసు ముఖ్యం. సరైన మందులు రాకముందు పాశ్చాత్య దేశాల్లో 15-24 ఏళ్ళ వయసులో సోకినవారిలో సగంమంది 12.5 ఏళ్ళు దాటి బతికారు. 45-54లో సోకినవారిలో సగంమంది 8 ఏళ్ళలోపే పోయారు. హెచ్‌ఎల్‌ఏ-బీ57 అనే జన్యురూపం పుట్టుకతో వచ్చినవారికి జబ్బు నెమ్మదిగా ముదురుతుంది, బీ35లోని కొన్ని రకాలున్నవారికి వేగంగా. క్షయ తోడైతే మరీ వేగం.

ఇక అసలు కథ. ఆ 10 ఏళ్ళూ వైరస్ ఒంట్లో నిద్రపోతుందని ఒకప్పుడు చాలామంది నమ్మారు. 1995లో శాస్త్రవేత్తలు డేవిడ్ హో, జార్జ్ షా బృందాలు విడివిడిగా లెక్కగట్టి, రోజూ కోట్లకొద్దీ కొత్త వైరస్‌లు పుడుతున్నాయని తేల్చాయి. హో ఈ పోరును నీళ్ళ తొట్టితో పోల్చాడు. అడుగున చిల్లులోంచి సీడీ4 అనే రోగనిరోధక కణాలు పోతుంటాయి, పైన కుళాయి నింపుతుంటుంది, చివరికి కుళాయి ఓడిపోతుంది. చూడగానే నచ్చే బొమ్మే. కానీ అది నిజమైతే, వైరస్ ఎక్కువున్న ప్రతి ఒంట్లోనూ కణాలు తరిగి తీరాలి.

పశ్చిమాఫ్రికా అడవుల్లోని సూటీ మాంగబీ కోతి దగ్గర ఆ లెక్క తప్పింది. హెచ్‌ఐవీకి దాయాది అయిన ఎస్‌ఐవీ దాని రక్తంలో నిండా ఉంటుంది. అయినా అది తింటుంది, పిల్లల్ని కంటుంది, నిండు ఆయుష్షు బతుకుతుంది. అదే వైరస్ మన దేశంలో తిరిగే రీసస్ కోతికి ఎక్కితే ఎయిడ్స్ వచ్చేస్తుంది! సోకిన మొదటి వారాల్లో రెండు కోతుల్లోనూ రోగనిరోధక వ్యవస్థ భగ్గుమంటుంది. మాంగబీలో ఆ మంట కొద్ది వారాల్లోనే చల్లారుతుంది. రీసస్‌లోనూ మనలోనూ ఆరదు.

ఎందుకారదో చూడాలంటే పేగులోకి వెళ్ళాలి. పేగు లోపలి పొర ఒక్క కణమంత మందం. ఇవతల లక్షల కోట్ల బ్యాక్టీరియా, అవతల సీడీ4 కణాల దండు. వైరస్ తొలి వారాల్లోనే ఆ దండును ఊడ్చేస్తుంది. కాపలా పోయిన పొర సందుల్లోంచి బ్యాక్టీరియా పెంకుల తునకలు రక్తంలోకి కారుతుంటాయి. 2006లో జేసన్ బ్రెంచ్లీ, డేనియల్ డూయెక్ బృందం దీన్ని పట్టుకుంది. ఆ తునకల్ని చూసి ఒళ్ళు ప్రతిరోజూ దండయాత్రే అనుకుంటుంది, కణాల్ని రెచ్చగొడుతుంది. రెచ్చిన సీడీ4 కణమే వైరస్‌కు మంచి మేత! పోయినవాటి బదులు కొత్తవాటిని తయారుచేసే థైమస్ గ్రంథి వయసుతో కుంచించుకుపోతుంది. పెద్దవాళ్ళలో జబ్బు తొందరగా ముదరడానికి అదీ ఒక కారణం.

జానిస్ జోర్జీ అనే శాస్త్రవేత్త ఈ మంటనే కొలిచింది. జబ్బు ముదిరినవారు ఎంతకాలం బతుకుతారో వైరస్ లెక్కకన్నా కణాలు ఎంత రెచ్చి ఉన్నాయన్నదే బాగా చెబుతోందని ఆమె బృందం 1999లో చూపింది. 2018లో శాస్త్రవేత్తలు మాంగబీ జన్యుక్రమం చదివినప్పుడు, నాకు ఒళ్ళు పులకరించే సంగతి బయటపడింది. బ్యాక్టీరియా తునకల్ని పసిగట్టే టీఎల్‌ఆర్4 అనే ప్రోటీన్ మాంగబీలో చివర మారిపోయి ఉంది. తునకలు తగిలినా అది మనలోలా గట్టిగా కేకపెట్టదు.

అమ్మా, మీ ఆయన ఒంట్లో మంటను ఎగదోసింది వయసో, జన్యువో, క్షయో ఈ ఉత్తరంతో చెప్పలేను. 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా వెంటనే మందులిస్తున్నారు కాబట్టి, ఈ తేడాలు ఇప్పుడు ప్రాణం మీదికి రానక్కర్లేదు. నా బాధ ఒక్కటే. వైరస్‌ను అణిచే మాత్రలు డజన్లకొద్దీ వచ్చాయి, మంటను ఆర్పేది మాత్రం రాలేదు. మందులతో వైరస్ అణిగినా కొంత మంట మిగిలి గుండెకు చేటు చేస్తుంది. అందుకని ఈసారి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్ళినప్పుడు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూడమని అడగండి.