మూత్రం నల్లబడితే కషాయం కోసం ఆగరాదు

సీతంపేట కొండలలో అనాసపండ్ల కావడిని భుజాన మోస్తూ వాలు దిగే సవరలను చూసినప్పుడల్లా, మాంసధాతువు బలం ఎంతటిదో నాకు స్ఫురిస్తుంది. ఆ ధాతువు మితిమీరి నలిగినపుడు మాత్రం ఆ బాధను మూత్రపిండాలు అనుభవిస్తాయి.

అలవాటులేని తీవ్రశ్రమ, వడదెబ్బ, బరువు కింద చాలాసేపు నలగడం, ఒకేసారి అనేక కందిరీగలు కుట్టడం, కొన్ని పాముకాట్లు కండరాలను ఛిద్రం చేస్తాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల సూక్ష్మనాళాలను దెబ్బతీస్తుంది. 1941లో లండన్‌లో, బాంబుదాడులకు కూలిన ఇళ్ల కింద నలిగినవారిలో ఈ స్థితిని బైవాటర్స్, బీల్ అనే వైద్యులు వివరించారు.

తీవ్రమైన కండరాల నొప్పి, నీరసం, టీ డికాక్షన్ రంగు మూత్రం దీని లక్షణాలు. మూడూ కలిసి కనిపించకపోవచ్చు.

మూత్రం సాఫీగా రావడానికి మన ఇళ్లలో పల్లేరు, గలిజేరు కషాయాలు వాడుక. వాటిపై నాకు గౌరవమే; కాని ఇక్కడ వాటితో కాలయాపన తగదు. కొబ్బరినీళ్లూ ఇవ్వరాదు. నలిగిన కండరాల నుండి పొటాషియం అప్పటికే రక్తంలోకి చేరుతుంది. అది ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు మరింత చేటు.

వెంటనే ఆసుపత్రికి చేరాలి. అక్కడ రక్తంలో సి.పి.కె. పరీక్షించి, సకాలంలో సెలైన్ ఎక్కిస్తే చాలామందిలో మూత్రపిండాలు కోలుకుంటాయి. కొందరికి కొంతకాలం డయాలిసిస్ అవసరం కావచ్చు.

ఇంటి వైద్యం ఉపకరించేది ముందుజాగ్రత్తలోనే. ఎండవేళ శ్రమ తగ్గించి, ఉప్పు కలిపిన గంజి, మజ్జిగ తరచు సేవిస్తూ, కొత్త శ్రమను దేహానికి క్రమంగా అలవాటు చేయాలి.